‘అథ’ అనే మాటకు ముందు

1905 అక్టోబరు. అప్పటికి జర్మనీ ఏలుబడిలో ఉన్న స్ట్రాస్‌బర్గ్ నగరం. అక్కడి విశ్వవిద్యాలయంలో వైద్యవిభాగం డీన్ ఫేలింగ్ గదికి ముప్ఫై ఏళ్ల మనిషి ఒకడు వచ్చి, తనను వైద్య విద్యార్థిగా చేర్చుకోమని అడిగాడు. వచ్చినవాడు అనామకుడు కాదు. కాంట్ మతతత్వం మీద డాక్టరేట్ తీసుకున్నాడు. క్రైస్తవ దైవశాస్త్రంలో ఇంకో పట్టా ఉంది. అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్నాడు, చర్చిలో ప్రసంగాలు చేస్తున్నాడు. ఆర్గన్ వాయించడంలో యూరప్ అంతటా పేరుంది. బాఖ్ సంగీతం మీద ఫ్రెంచిలో అతను రాసిన పుస్తకం ఆ ఏడాదే వెలువడింది. అలాంటివాడు వచ్చి ఎముకల పేర్లు వల్లెవేస్తానంటే ఆ డీన్ ఏమనుకోవాలి? తనను మానసిక వైద్యం చూసే సహోద్యోగికి అప్పగించాలని ఆయనకు అనిపించి ఉంటుందని ఆల్బర్ట్ ష్వైట్జర్ తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు.

నిజానికి ఆ నిర్ణయం తొమ్మిదేళ్ల కిందటిది. 1896లో సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక ఉదయం నిద్రలేచి బయట పక్షుల కూతలు వింటూ ఉండగా, తనకింత సుఖం దక్కినప్పుడు బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా అన్న ఆలోచన అతన్ని పట్టుకుంది. అప్పటికి వయసు ఇరవై ఒకటి. ముప్ఫై వచ్చేదాకా చదువు, సంగీతం. ఆ పైన మనుషులకు నేరుగా ఉపయోగపడే పని అని మంచం దిగకముందే ఒప్పందం చేసుకున్నాడు. ఆ పని ఏమిటో తెలియదు. 1904లో పారిస్ మిషనరీ సంఘం పత్రిక ఒకటి చేతికొచ్చింది. ఆఫ్రికాలోని గాబోన్ ప్రాంతంలో పనిచేసే మనుషులు కావాలని అందులో ఉంది. అన్నాళ్లూ మాటలతో బతికినవాడు ఇక చేతులతో బతకాలనుకున్నాడు. ప్రేమ గురించి ప్రసంగించడం చాలించి, ఆ ప్రేమను పనిలో పెట్టాలంటే వైద్యుడు కావడమే దారి అనుకున్నాడు.

చేరడానికి మొదటి అడ్డంకి నిబంధన దగ్గరే వచ్చింది. పాఠాలు చెప్పే మనిషి అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండకూడదు. విద్యార్థి కాకపోతే పరీక్షలు రాయనివ్వరు. తరగతులకు వచ్చాడని వైద్య ఆచార్యులు రాసిస్తే పరీక్షకు కూర్చోనిస్తామని చివరికి ప్రభుత్వం ఒప్పుకుంది. తోటి ఆచార్యుడు గనక ఫీజు లేకుండానే వినమన్నారు వాళ్లు. రసాయనం, భౌతికం, జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, శరీర నిర్మాణం. అభిప్రాయాల మీద అభిప్రాయాలు పేర్చుకునే లోకంలోంచి వచ్చినవాడికి, రుజువుంటేనే నిలిచే ఈ లోకం గట్టి నేలలా అనిపించింది. ఆ ఆనందంలో పరీక్ష సంగతి కాస్త మరిచిపోయాడు. ముప్ఫై దాటిన జ్ఞాపకశక్తి ఇరవయ్యేళ్ల కుర్రాళ్లదిలా ఉండదని తీరా 1908 పరీక్షల ముందు తెలిసొచ్చింది. తోటి విద్యార్థులు అతన్ని తమ బట్టీ బృందంలోకి లాగారు. మన కంబైన్డ్ స్టడీ లాంటిదే. ఏ ఆచార్యుడు ఏం అడుగుతాడు, ఏ జవాబు కోరుకుంటాడు అన్న లెక్కలన్నీ అక్కడ దొరికాయి. 1911లో ఆఖరి పరీక్షల ఫీజు కట్టడానికి మ్యూనిక్‌లో విడార్ రాసిన సింఫనీకి ఆర్గన్ వాయించి డబ్బు సంపాదించాడు.

ఒక వయసు వచ్చాక, ఒక చదువు ముగిశాక, వైద్యం వైపు తిరిగే మనిషికి ముందుగా ఏం ఉండాలి? అభ్యర్థులు ఈ ప్రశ్నను మార్కుల ప్రశ్నగా చూస్తారు, కళాశాలలు ఎంపిక ప్రశ్నగా చూస్తాయి. కాస్త లోతుకు దిగితే ఇది మన తత్వశాస్త్రం వందల ఏళ్లు వాదించుకున్న ప్రశ్నే.

బ్రహ్మసూత్రాల్లో మొట్టమొదటి మాట ‘అథ’. ‘ఇక ఆ తర్వాత’ అని అర్థం. దేని తర్వాత? బ్రహ్మం గురించి విచారించడానికి కూర్చునే ముందు మనిషి ఏం పూర్తిచేసి రావాలి? ఈ ఒక్క మాట మీద భాష్యకారులు పేజీలకు పేజీలు రాశారు. ముందు వేదంలోని కర్మభాగాన్ని విచారించాలి, కర్మఫలం అల్పమనీ అస్థిరమనీ అలా తెలుసుకున్నాకే ఇటు రావాలి అన్నారు రామానుజులు. కర్మవిచారం తప్పనిసరి కాదు, కావలసినవి వేరే అన్నారు శంకరులు. ఏది నిత్యమో ఏది కాదో విడదీసి చూడగల వివేకం, ఫలాల మీద వైరాగ్యం, శమదమాది గుణాలు ఆరు, విముక్తి కావాలన్న తపన. ఈ నాలుగూ ఉన్నవాడే అధికారి. ఇక్కడ అధికారి అంటే ఆఫీసరు కాదు, ఆ విద్యకు తగినవాడు.

ఒకరేమో ముందు ఈ పాఠ్యభాగం ముగించి రా అంటున్నారు. ఇంకొకరు ముందు ఇలాంటి మనిషివై రా అంటున్నారు. అమెరికాలోని ఏ వైద్య కళాశాల ప్రవేశ నిబంధనలు చూసినా ఈ రెండు గొంతులూ పక్కపక్కనే వినిపిస్తాయి.

ఇంటర్లో బైపీసీ చదివి, నీట్ రాసి, పద్దెనిమిదేళ్లకే ఎంబీబీఎస్‌లో చేరే పద్ధతి తెలిసిన తెలుగు కుటుంబాలకు అమెరికా పద్ధతి మొదట్లో వింతగానే ఉంటుంది. అక్కడ ముందు నాలుగేళ్ల డిగ్రీ ఉండాలి. అది ఏ సబ్జెక్టులోనైనా ఫర్వాలేదు. చరిత్ర చదివినా, సంగీతం చదివినా తలుపు తెరిచే ఉంటుంది. కాకపోతే జీవశాస్త్రం, సాధారణ రసాయనం, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం తలా ఒక ఏడాది ప్రయోగశాలతో సహా చదివి ఉండాలని చాలా కళాశాలలు అడుగుతాయి. వాటి పైన ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష. ఆస్పత్రుల్లో స్వచ్ఛంద సేవ, వైద్యుల వెంట తిరిగి పని చూసే షాడోయింగ్, సిఫారసు లేఖలు, తన గురించి తాను రాసుకునే వ్యాసం, చివరికి ఇంటర్వ్యూ. 2023లో సుమారు 52,500 మంది దరఖాస్తు చేస్తే దాదాపు 23,000 మంది చేరారు.

ఈ పద్ధతికి పుట్టుక బాల్టిమోర్‌లో. 1893లో జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాల తెరిచేనాటికి అమెరికాలో చాలా చోట్ల హైస్కూలు చదువు కూడా లేకుండానే వైద్యంలో చేరేవారు. ఫీజు కడితే చాలు. హాప్కిన్స్‌కు డబ్బు చాలక తలుపులు తెరవలేని స్థితిలో మేరీ గారెట్ అనే మహిళ మూడు లక్షల డాలర్లకు పైగా ఇస్తానంది, కానీ షరతులు పెట్టింది. ఆడవాళ్లను మగవాళ్లతో సమానంగా చేర్చుకోవాలి. చేరేవాళ్లకు డిగ్రీ ఉండాలి, ప్రకృతి శాస్త్రాలు చదివి ఉండాలి, ఫ్రెంచి, జర్మను చదవడం రావాలి. ఆ షరతులు విన్న గొప్ప వైద్యాచార్యుడు విలియం ఆస్లర్ తోటి ఆచార్యుడు వెల్చ్‌తో, మనం పాఠాలు చెప్పేవాళ్లుగా వచ్చాం కాబట్టి సరిపోయింది, విద్యార్థులుగా వస్తే మనకు సీటు దొరికేది కాదు అన్నాడని చెబుతారు. ఆ మాటలో బరువైన సత్యం ఉంది. ప్రవేశద్వారం ఎత్తు పెంచినప్పుడల్లా, నిన్నటి మహానుభావుల్లో ఎవరు లోపలికి రాలేకపోయేవారో లెక్కేసుకోవడం మంచిది.

1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ నివేదిక హాప్కిన్స్ నమూనాను దేశమంతటికీ ప్రమాణం చేసింది. ఫ్లెక్స్‌నర్ వైద్యుడు కాదు, కెంటకీలో సొంత బడి నడిపిన ఉపాధ్యాయుడు. అమెరికా, కెనడాల్లో 155 వైద్య కళాశాలలు తిరిగి చూశాడు. ప్రయోగశాల పేరుకు మాత్రమే ఉన్నవి, రోగి ముఖం చూపించకుండానే పట్టా ఇచ్చేవి చాలా కనిపించాయి. వాటిలో ఎన్నో మూతపడ్డాయి. ఆ మేరకు జనానికి మేలే జరిగింది. కానీ నల్లజాతివారి కోసం ఉన్న ఏడు కళాశాలల్లో హోవర్డ్, మెహారీ రెండే నిలిచాయి. మిగిలిన ఐదూ పోవడంతో, వైద్యులే లేని ఊళ్లలో పుట్టిన పిల్లలకు వైద్యులయ్యే దారి కూడా మూసుకుపోయింది. యోగ్యత పేరు మీద గీసిన గీత ఎవరిని అవతల ఉంచుతుందో గీసేవాడికి ఎప్పుడూ పూర్తిగా కనిపించదు.

తర్వాత పరీక్ష వచ్చింది. 1920లలో కొన్ని కళాశాలల్లో సగం మంది దాకా మధ్యలోనే చదువు మానేస్తుంటే, 1928లో వైద్య విద్యార్థుల సామర్థ్య పరీక్ష ఒకటి మొదలుపెట్టారు. ఇప్పటి ఎంక్యాట్ దాని సంతానమే. 2015 నుంచి ఆ పరీక్ష ఏడున్నర గంటలు సాగుతోంది. మార్కులు 472 నుంచి 528 దాకా. అందులో ఒక భాగంలో శాస్త్రజ్ఞానంతో పనిలేదు. నీతి, తత్వం, మతం, కళలు, సమాజం వంటి విషయాల మీద గద్యం ఇచ్చి దాన్ని ఎంత జాగ్రత్తగా చదివారో అడుగుతారు. తెలుగు ఇళ్లలో పెరిగిన చాలామంది పిల్లలు రసాయనంలో తడుముకోరు, ఇక్కడ తడుముకుంటారు. అలాంటి పేజీ ముందు ఓపికగా కూర్చోవడం వాళ్లకు ఎవరూ నేర్పలేదు. రోగి చెప్పే కథ అచ్చం అలాంటి పేజీయే కదా. ఒకదానికొకటి పొంతన లేని వాక్యాలు, చెప్పకుండా వదిలేసినవి, ఒక మాట వెనక ఇంకో మాట.

డిగ్రీ ముగించాక ఈ దారిలోకి రావాలనుకునేవాళ్ల కోసం అమెరికాలో ప్రత్యేక కోర్సులు పుట్టాయి. కొలంబియా విశ్వవిద్యాలయం 1955లోనే మొదలుపెట్టింది. ఫిలడెల్ఫియా దగ్గరి బ్రిన్ మార్ కళాశాలలో 1972 నుంచి నడుస్తోంది. పోస్ట్‌బ్యాక్ అని పిలుస్తారు. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక నాట్యకారిణి, ఒక బడిపంతులు, సైన్యంలోంచి వచ్చినవాడు ఒక బల్ల చుట్టూ కూర్చుని మొదటిసారి అణువుల బంధాలు గీస్తారు. పగలు ఉద్యోగం చేసి సాయంత్రం ప్రయోగశాలకు వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లలో ప్రతి ఒక్కరిలో కొంత ష్వైట్జర్ ఉన్నాడు. చేతిలో ఉన్నది వదిలేసి, తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని అఆలు దిద్దుకోవడానికి అణకువ కావాలి. ఆ అణకువకు ఏ మార్కుల పట్టికలోనూ గడి లేదు.

ఆర్గానిక్ కెమిస్ట్రీ అంత అవసరమా అన్న వాదన అమెరికాలో ఎన్నాళ్లనుంచో సాగుతోంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య కళాశాల మాటలు పక్కనపెట్టి ప్రయోగమే చేసింది. 1987లో అప్పటి డీన్ నేథన్ కేస్ చొరవతో ఒక ద్వారం తెరిచింది. సాహిత్యం, చరిత్ర, తత్వం చదువుతున్న విద్యార్థులను డిగ్రీ మధ్యలోనే ఎంపిక చేసుకునేది. ఎంక్యాట్ రాయాల్సిన పని ఉండేది కాదు, ఆర్గానిక్ కెమిస్ట్రీ, భౌతికశాస్త్రం సంప్రదాయ పద్ధతిలో ముగించాల్సిన పనీ ఉండేది కాదు. వాళ్లు ఎలా రాణించారో కేస్, డేవిడ్ ముల్లర్ కలిసి 2010లో ప్రచురించారు. మొదటి లైసెన్సు పరీక్షలో మార్కులు కొంచెం తగ్గాయి. ఆస్పత్రి వార్డుల్లో, మొత్తం చదువులో మిగతావాళ్లకు తీసిపోలేదు.

దీన్నిబట్టి రసాయనం వద్దనడం తొందరపాటు. ష్వైట్జర్‌కు ప్రకృతి శాస్త్రాలు ఇచ్చింది సమాచారం ఒక్కటే కాదు, రుజువు ముందు తలవంచే అలవాటు. వైద్యుడికి అది ప్రాణం. కానీ ఆ అలవాటుకు ఒకే ద్వారం ఉందని అనుకోనక్కర్లేదని మౌంట్ సైనాయ్ చూపింది. ఇక్కడ శంకరుల వైపే మొగ్గు. ముగించిన పాఠ్యభాగం కంటే తయారైన మనిషి ముఖ్యం.

అయితే మనిషి తయారయ్యాడో లేదో ఎలా తెలుస్తుంది? చిక్కంతా ఇక్కడే ఉంది.

దరఖాస్తులో సేవ గంటల్లో ఉంటుంది. మరణశయ్య మీద ఉన్నవాళ్ల సంరక్షణ కేంద్రంలో ఇన్ని గంటలు, అత్యవసర విభాగంలో ఇన్ని గంటలు. ఒక అమ్మాయి ప్రతి శనివారం ఓ ముసలాయన పక్కన కూర్చుని ఆయనకు పత్రిక చదివి వినిపిస్తుందనుకుందాం. ఆ గంటలు దరఖాస్తులో రాసుకోవచ్చని ఆ అమ్మాయికి తెలుసు. ఆయనకూ తెలిసే ఉండవచ్చు. అది కరుణేనా?

కాంట్ 1785లో రాసిన పుస్తకంలో ఒక దుకాణదారుడు వస్తాడు. తెలియని పసివాడు వచ్చినా ధర పెంచడు. అలా మోసం చేయకపోవడమే వ్యాపారానికి లాభం గనక. అతను చేసింది సరైన పనే, కానీ దానికి నైతిక విలువ లేదంటాడు కాంట్. ఆ లెక్కన ఆ అమ్మాయి శనివారాలకు విలువ లేదు. గీత చెప్పే నిష్కామకర్మ కొలతతో చూసినా ఫలం మీద కన్నేసిన సేవ తక్కువదే. కాంట్ మీదనే డాక్టరేట్ చేసిన ష్వైట్జర్ ఈ వాదనను నిద్రలో కూడా అప్పజెప్పగలడు.

అరిస్టాటిల్ ఇంకోలా చెప్పాడు. ఇల్లు కట్టీ కట్టీ మేస్త్రీ అవుతాడు, వీణ వాయించీ వాయించీ వైణికుడవుతాడు, న్యాయమైన పనులు చేసీ చేసీ న్యాయవంతుడవుతాడు. ముందే మంచివాడు కాకపోతే మంచి పని ఎలా చేస్తాడన్న చిక్కు ఆయనకూ తెలుసు. మొదట పని బయటినుంచి వస్తుంది, గురువు చెబితేనో అలవాటు వల్లనో. చేస్తూ చేస్తూ ఉంటే అది లోపలికి దిగుతుంది. ఆర్గన్ మెట్ల మీద వేళ్లు ముందు తప్పులు చేస్తాయి. తప్పులు చేసే వేళ్లకు సంగీతం మీద హక్కు లేదని ఎవరూ అనరు. ఆ అమ్మాయి శనివారాల విషయంలో అరిస్టాటిల్ వైపు నిలబడటమే న్యాయం. ముప్ఫయ్యో శనివారం ఆ ముసలాయన మంచం ఖాళీగా కనిపించినప్పుడు ఆమెలో కలిగేది దరఖాస్తు కోసం కలిగేది కాదు. ఆశతో మొదలైనంత మాత్రాన సేవ అబద్ధం కాదు.

కానీ ఈ ఉదారత్వానికి ఒక హద్దుంది, అది మంచం మీద ఉన్న మనిషి. తన తయారీ కోసం అభ్యర్థి ఆ మనిషిని సాధనంగా వాడుకుంటే కాంట్ మాట మళ్లీ నిజమవుతుంది. వేసవి సెలవుల్లో అమెరికా నుంచి పేద దేశాలకు వెళ్లి, స్వదేశంలో ముట్టుకోనివ్వని పనులు అక్కడి రోగుల మీద చేసి వచ్చే ప్రీమెడ్ విద్యార్థులు, అంటే వైద్యంలో చేరడానికి సిద్ధమయ్యేవాళ్లు, ఉన్నారు. శిక్షణ లేని పనులకు పూనుకోవద్దని అమెరికా వైద్య కళాశాలల సంఘం మార్గదర్శకాలు రాయాల్సి వచ్చింది. హైదరాబాదులోనో విజయవాడలోనో బంధువుల ఆస్పత్రికి సెలవుల్లో వచ్చే మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది. బాబాయి ఆస్పత్రి కదా అని ఆపరేషన్ థియేటర్‌లోకి నడిచేముందు, బల్ల మీద ఉన్న ఆవిడను ఎవరైనా అడిగారా? ఆవిడ పేదదై, వద్దనడం తెలియనిదై ఉంటే ఆ అడగడం ఇంకా అవసరం.

చరకుడు ఈ సంగతి ఎంత ముందే పట్టించుకున్నాడో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయం ప్రకారం వైద్యవిద్యకు రావాలనుకున్నవాడు ముందు శాస్త్రాన్ని పరీక్షించాలి, తర్వాత గురువును పరీక్షించాలి, ఆపైనే గురువు అతన్ని పరీక్షిస్తాడు. ఎంపిక రెండు వైపులా ఉంది. శిష్యుడికి ఉండాల్సిన వాటిలో శాంతం, జ్ఞాపకశక్తి, అహంకారం లేకపోవడం, లోభం లేకపోవడం, సోమరితనం లేకపోవడం, సమస్త ప్రాణుల మేలు కోరడం ఉన్నాయి. చేర్చుకునేటప్పుడు చేయించే ప్రతిజ్ఞలో, రోగి ఇంట్లోకి తెలిసినవాళ్లతో, అనుమతితోనే వెళ్లాలి; అక్కడి విషయాలు బయట పెట్టకూడదు; తన ప్రాణం మీదికొచ్చినా రోగికి కీడు తలపెట్టకూడదు అని ఉంది. పట్టా చేతికొచ్చే రోజున కాదు, చదువు మొదలయ్యే రోజునే ఈ మాటలు పలికించారు.

ఆ జాబితాలో ఇంకా ఉంది. ముక్కు, నోరు తీరుగా ఉండాలట. నాలుక పలచగా ఎర్రగా ఉండాలట. వైద్యుల కుటుంబంలో పుట్టి ఉంటే మంచిదట. సుశ్రుతుడు వర్ణాల లెక్క కూడా చెబుతాడు. గౌరవంతోనే అయినా వీటిని తోసిపుచ్చాలి. గొప్ప గ్రంథం కూడా తన కాలపు గోడలను యోగ్యత అని పొరబడింది.

సుశ్రుతుడే మరోచోట ఆ పొరబాటుకు విరుగుడు ఇస్తాడు. సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం పేరు యోగ్యాసూత్రీయం. అక్కడ ‘యోగ్య’ అంటే అభ్యాసం. సొరకాయ మీద, దోసకాయ మీద, పుచ్చకాయ మీద కోత నేర్చుకోవాలి. చచ్చిన జంతువుల సిరల మీద, తామర తూడుల మీద రక్తనాళం పొడవడం నేర్చుకోవాలి. ఎన్ని శాస్త్రాలు విన్నవాడైనా ఈ అభ్యాసం చేయకపోతే పనికి అయోగ్యుడే అంటాడు. మనం రోజూ వాడే యోగ్యత అనే మాటను ఈ వెలుగులో చూడాలి. యోగ్యత పుట్టుకతో తెచ్చుకుని గుమ్మం దగ్గర చూపించే వస్తువు కాదు, చేతితో చేసి సంపాదించేది. ముందు సొరకాయ మీద, తర్వాతే మనిషి మీద.

అలా సంపాదించింది పోగొట్టుకోవచ్చు కూడా. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో మొహమ్మద్రెజా హోజత్ బృందం విద్యార్థుల్లోని సానుభూతిని ఏటేటా కొలిచి 2009లో ఫలితాలు ప్రచురించింది. మొదటి రెండేళ్లు పెద్ద మార్పు లేదు. మూడో ఏడాదిలో, అంటే రోగుల దగ్గరికి వెళ్లడం మొదలైన ఏడాదిలోనే, చెప్పుకోదగ్గంత పడిపోయింది. నిద్రలేమి, హడావుడి, పైవాళ్ల కరుకుమాటలు, మరణాలు. గుమ్మం దగ్గర కరుణను తూకం వేసి లోపలికి పంపినవాళ్లే ఇలా ఎండిపోతున్నారంటే, తూకంరాయిని సరిచేసుకోవడం ఒక్కటే చాలదు. లోపలి ఇల్లు కూడా చూసుకోవాలి.

ఇప్పుడు న్యాయం సంగతి. తలుపు దగ్గర తగినవాళ్లు సీట్లకంటే ఎక్కువమంది నిలబడి ఉంటే ఎవరిని పిలవాలి? ఈ ప్రశ్నను అమెరికా సుప్రీంకోర్టుకు ఈడ్చినవాడు కూడా చదువు ముగిశాక దారి మార్చుకున్నవాడే. ఆలన్ బాకీ మెకానికల్ ఇంజినీరు. వియత్నాంలో మెరీన్‌గా పనిచేశాడు, తర్వాత నాసాలో ఉద్యోగం. అది చేస్తూనే వైద్యానికి కావలసిన సబ్జెక్టులు చదివాడు, ఆస్పత్రిలో స్వచ్ఛందంగా పనిచేశాడు. కాలిఫోర్నియాలోని డేవిస్ వైద్య కళాశాల 1973లో, 1974లో రెండుసార్లు కాదంది. అక్కడ నూరు సీట్లలో పదహారు వెనకబాటుకు గురైన మైనారిటీలకు కేటాయించి ఉన్నాయి. 1978 జూన్ 28న కోర్టు అలాంటి కోటా చెల్లదంది, బాకీని చేర్చుకోమంది, జాతిని మాత్రం పరిశీలించే అంశాల్లో ఒకటిగా ఉంచుకోవచ్చంది. 1982లో అతను డాక్టరయ్యాడు. జాతిని పరిశీలించే వీలు కూడా 2023 తీర్పుతో పోయింది. ఒకవైపు రాత్రులు చదివిన ఇంజినీరు శ్రమ, మరోవైపు ఐదు కళాశాలలు మూతపడిన నాటినుంచి వెంటాడుతున్న లోటు. రెండూ నిజమే. బాకీ శ్రమను గౌరవించడానికి ఆ లోటును మరిచిపోవాల్సిన పనిలేదు.

నెదర్లాండ్స్ వేరే దారి తొక్కింది. అక్కడ బడి చదువు ముగియగానే వైద్యంలో చేరతారు. 1970ల నుంచి దశాబ్దాలపాటు సీట్లను లాటరీ తీసి ఇచ్చారు. మార్కులు ఎక్కువుంటే అవకాశం కొంచెం పెరిగేది, అంతే. పదికి తొమ్మిదిన్నర దాటిన సగటు ఉన్న విద్యార్థినికి 1990లలో మూడుసార్లు సీటు తగలకపోతే దేశమంతా అట్టుడికింది. నిబంధనలు మారాయి, లాటరీ 2017లో ఆగింది, కొన్నేళ్లకే మళ్లీ వీలు కల్పించారు. తగినవాళ్లలోంచి మరీ తగినవాళ్లను ఏరే శక్తి మనకు నిజంగా ఉందా అన్న అనుమానాన్ని ఆ దేశం బహిరంగంగా ఒప్పుకుంది. తెలివితేటలు, పుట్టిన ఇల్లు, ప్రోత్సహించిన అమ్మానాన్నలు, ఇవేవీ మనిషి సంపాదించుకున్నవి కావని తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో వాదించాడు. పోస్ట్‌బ్యాక్ చదువుకు ఏడాదికి పదుల వేల డాలర్లవుతుంది. జీతం లేకుండా ఆస్పత్రిలో గంటలు గడపాలంటే ఇంటి అద్దె ఇంకెవరో కట్టాలి. అద్దె కోసం రాత్రి పెట్రోలు బంకులో నిలబడే అబ్బాయి దరఖాస్తులో సేవ గంటలు తక్కువ కనిపిస్తాయి. అతను జబ్బుపడ్డ తల్లికి చేసిన సేవ ఏ గడిలో రాయాలి? ఆ గంటలకూ విలువ కట్టే కళాశాలలు పెరగాలి. ఆస్పత్రిలో అభ్యర్థులు చేసే పనికి జీతం ఉండాలి. ఇవి దయతో చేయాల్సిన మార్పులు కావు, న్యాయంగా చేయాల్సినవి.

పిలుపు ఒకచోట వినిపించి, పని మరోచోట దొరకడం మనవాళ్లకూ తెలుసు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కుర్రతనంలో రామకృష్ణ మిషన్‌లో సన్యాసిగా చేరాలనుకున్నాడు. తల్లి ఒప్పుకోలేదు. సేవ చేయాలంటే వైద్యం చదవమన్న సలహా మిషన్ నుంచే వచ్చింది. మద్రాసులో వైద్యం చదివి, 1922లో బోస్టన్ చేరాడు. రోగుల మధ్య కాదు, పరీక్షనాళికల మధ్య ఆయన జీవితం గడిచింది. ఆ ప్రయోగశాలల్లోంచి వచ్చిన మందులు ఆయన ఎన్నడూ చూడని మనుషులకు చేరాయి. సన్యాసానికి కావలసిన వైరాగ్యం వైద్యానికి పనికొచ్చింది.

ష్వైట్జర్ ఆఖరి పరీక్ష 1911 డిసెంబరు 17న శస్త్రవైద్యుడు మాడెలుంగ్ దగ్గర. అది ముగిసి చలిరాత్రిలోకి నడిచినప్పుడు, ఇది కలో నిజమో తేల్చుకోలేకపోయాడు. మంచి ఆరోగ్యం ఉంది కాబట్టే నెగ్గుకొచ్చావని పక్కన నడుస్తున్న మాడెలుంగ్ అన్నాడు. తర్వాత ఏడాది పాటు ఆస్పత్రి శిక్షణ, పారిస్‌లో ఉష్ణమండల వ్యాధుల చదువు. అతని దైవశాస్త్ర అభిప్రాయాలు మిషనరీ సంఘానికి నచ్చలేదు. ప్రసంగాలు చేయను, వైద్యమే చేస్తానని మాటిచ్చి 1913లో భార్య హెలెనేతో ఒగోవే నది ఒడ్డున లాంబరెనే చేరాడు. మందుల పెట్టెలు విప్పకముందే రోగులు వచ్చేశారు. పాత కోళ్ల గూడు ఒకటి శుభ్రం చేసి అందులోనే చూడడం మొదలుపెట్టాడు. ఆఫ్రికావాళ్లను తమ్ముళ్లుగా తప్ప సమానులుగా చూడలేకపోయాడన్న విమర్శ అతని మీద ఉంది, అది న్యాయమైన విమర్శే.

ఆ తొలినాళ్ల రోగుల్లో ఫ్రెంచి బాగా వచ్చిన ఒకతను కనిపించాడు. పేరు జోసెఫ్. వృత్తి వంట, ఆరోగ్యం బాగాలేక అది మానుకున్నాడు. దుబాసీగా, సహాయకుడిగా ష్వైట్జర్ అతన్ని పనిలో పెట్టుకున్నాడు. జోసెఫ్ శరీరభాగాల పేర్లు వంటింట్లో నేర్చుకున్నాడు. ఒక రోగికి కుడి తొడ నొప్పి అయితే గొర్రెతొడ మాంసానికి ఫ్రెంచి వంటవాళ్లు వాడే మాటే వాడేవాడు, ఇంకొకామె నడుము నొప్పికి మాంసపు ముక్క పేరు చెప్పేవాడు. చదవడం, రాయడం రావు. అయినా మందుల బీరువా దగ్గరికి వెళ్లి, సీసా మీది అక్షరాల ఆకారాన్ని గుర్తుపెట్టుకుని, అడిగిన మందునే తెచ్చి ఇచ్చేవాడు. తప్పు తెచ్చేవాడు కాదని ష్వైట్జర్ రాశాడు.